పెసలు అని రాసిన పంచదార డబ్బా

పర్లాకిమిడిలో మా బడి ఒడియా.
పలక నిండా గుండ్రాలు,
ప్రతి అక్షరం నెత్తినా ఒక గొడుగు.
ఇంట్లో మాట మాత్రం తెలుగు,
నోట్లోనే పుట్టి నోట్లోనే ఆరిపోయే తెలుగు.
దానికీ ఒక రాత ఉందని
దాలమ్మ పెద్దమ్మ వంటింట్లో తెలిసింది నాకు.

గూట్లో పదకొండు రేకు డబ్బాలు.
ఒక్కోదాని పొట్ట మీద ఎర్ర రంగు కుంచె రాత.
ఇవీ గుండ్రాలే, కాకపోతే గొడుగు లేదు,
చిన్న తలకట్టుతో సరిపెట్టుకున్నాయి.

"ఇదేటి పెద్దమ్మా?" అంటే
మూత తీసి చూపించేది.
ఆవాలు. సరే.
ఇంగువ. సరే, చూడకముందే ముక్కుకి తెలిసింది.
మూడోది పంచదార.
పైన మూడంటే మూడే అక్షరాలు,
ఆవాల చివర ఉన్న "లు" దీని చివరా ఉంది.
పంచదారకి "లు" ఎందుకో?
"గారు" లాగా అదొక మర్యాద కాబోలు అనుకున్నాను,
తియ్యటిది కదా.

అలా పదకొండు బొమ్మలు కంఠతా వచ్చేశాయి.
"ఖ" ఏ డబ్బా మీదా లేదు. "ఝ" కూడా.
వంటకి అక్కర్లేని అక్షరాలు
తెలుగుకీ అక్కర్లేదని తీర్మానించాను.

రొజొ పండగ ముందు రోజు
పక్కింటి సులోచనా మావుసి పోడొ పిఠా మొదలెట్టింది,
మా వంతు పంచదార.
పెద్దమ్మ డబ్బులిచ్చి బస్సెక్కించింది,
పాతపట్నం ఎంత దూరం గనక.
కొట్లో నోరు విప్పలేదు నేను.
చదువొచ్చినదాన్ని కదా,
బస్తాకి గుచ్చిన అట్టముక్క చూసి
వేలు పెట్టాను: కిలో.
ఆయన కాగితంలో పోసి పురికొస చుట్టాడు.

ఇంటికొచ్చి విప్పితే
పచ్చగా, గుండ్రంగా, గలగలమని
పెసలు.

మావుసి నవ్వింది, ఒడియాలో.
పెద్దమ్మ నవ్వింది, ఏ భాషో చెప్పలేను.
"నాకు సదువొచ్చేటే పిచ్చిదానా?
ఎవలో కొట్టు ఎత్తేస్తుంటే
తూకానికి కొన్నాను డబ్బాలు.
నాను రాత సూస్తానేటి?"
అని వేలి మెటికతో ఒక్కోదాన్నీ కొట్టింది.
ఉప్పుది మూగ చప్పుడు.
ధనియాలది గుల్ల.
పంచదార, సగం ఉంటే ఇసకలా కదుల్తుంది.
కంది డబ్బాకి సొట్ట గుర్తు.
నేను అక్షరాలని దిద్దుకున్న చోట
ఆవిడ చెవితో చదువుకుంటోంది ఇన్నాళ్లూ.

పిఠాలో ఆ ఏడు బెల్లమే పడింది,
అడుగు మాడి, నిజానికి అదే బాగుంది.
పెసలు మర్నాడు నానబోశాం.
నాలుగు గంటలు చాలంది, రాత్రంతా నానితే అట్టు సోలిపోద్ది.
గుప్పెడు బియ్యం కలిపితే అంచు కరకర.
అల్లం చెక్కు గరిటె తోకతో గీకమంది, కత్తి పెడితే సగం పోద్దట.
తిరగలేసేముందు చప్పుడు వినమంది.
అట్టుకీ ఉంటుందా చప్పుడు? ఉంటుంది.
చిటచిట తగ్గి ఒక నిట్టూర్పు.

ఇప్పుడు నా వంటిల్లు గుణుపురంలో,
గాజు సీసాలు, లోపల ఏముందో ఎవరికైనా కనిపిస్తుంది.
అయినా పాత క్యాలెండరు వెనక తెల్లటి వైపు కత్తిరించి,
మెతుకుల జిగురు మెదిపి,
పురుగు తినకుండా చిటికెడు పటిక నూరి వేసి,
చీటీలు అంటిస్తూనే ఉంటాను.
పైన ఒడియా, కింద తెలుగు.
మా చిన్నది పైన చదివి కింద ఊహిస్తుంది.

ఒక్క రేకు డబ్బా మాత్రం పెద్దమ్మది.
ఎర్ర రంగు వెలిసింది, "పె" సగమే మిగిలింది.
అందులో పంచదారే పోస్తాను.
వచ్చినవాళ్లు టీ పెట్టుకుందామని
వంటిల్లంతా వెతికి ఓడిపోతారు.

చీమలు ఓడిపోవు,
వాటికి చదువు రాదు.
అందుకని అడుగున నాలుగు లవంగాలు వేసి
మూత బిగించి,
మెటికతో ఒకసారి కొట్టి వింటాను.